ఇంటి సంఖ్య వేఱు – ఇంటిలోని మనిషి వేఱు

(గ్రంథాలయ రజతోత్సవముల రెండవ దినమున గ్రామ సహకార సంఘ గణకులు చేసిన ఉపన్యాసము)

    

మన గ్రంథాలయమునకు ఇరువదియైదేండ్లు నిండిన ఈ శుభసమయమున నన్ను కూడ నాలుగు మాటలు చెప్పుమని కార్యదర్శిగారు ఆజ్ఞాపించినారు. విషయమును గూడ వారే నిర్ణయించినారు. ఇంటర్నెట్టులో చిరునామాలు ఎట్లు ఏర్పడును, వానికిని భద్రతకును గల సంబంధమేమి యనునది ఆ విషయము. నేను కళాశాల మెట్లెక్కినవాడను కాను. పగలు సంఘము లెక్కలు వ్రాసికొనుచు, రాత్రివేళ ఈ గ్రంథాలయపు బీరువాలలోని భారత భాగవతములను, ప్రబంధములను నిఘంటువు ప్రక్కన బెట్టుకొని చదువుకొన్నవాడను. ఇట్టివాడు కంప్యూటరుల సంగతి చెప్పబూనుట సాహసమని కొందఱకు తోపవచ్చును.

అయినను ఒప్పుకొంటిని. అందులకు రెండు కారణములు కలవు. మొదటిది, ఈ శాస్త్రము మూలమున సంఖ్య, పేరు, హద్దు, చిట్టా అను నాలుగింటిపై నిలిచి యున్నది. ఇవి మా యింటి విద్యలే. మా తండ్రిగారు ఈ గ్రామమునకు కరణీకము చేసిరి. 1984లో ఆ పదవులు రద్దయి, గుడ్డ కట్టిన దస్త్రములన్నియు బండిమీద తరలిపోయినవి గాని, సర్వే సంఖ్య చూచి పొలమును, పొలము చూచి సంఖ్యను చెప్పు అలవాటు ఇంటిలోనే మిగిలినది. రెండవ కారణము, ఈ గ్రంథాలయమున ఈ చిరునామాల విషయమునే నేనొక తప్పు చేసితిని. దానిని సభాముఖమున చెప్పుకొనవలసిన ఋణము నాకు కలదు. ముందు శాస్త్రము చెప్పి, తరువాత ఆ ఋణము తీర్చుకొందును.

ఇంటర్నెట్టన నేమి? లోకమందలి కంప్యూటరులను, చేతిఫోనులను ఒకదానితో నొకటి కలుపు తపాలా వ్యవస్థ యని గ్రహించిన చాలును. మన దేశమున 1995 ఆగస్టు 15వ తేదీ నుండి ఇది సామాన్య ప్రజలకు అందుబాటులోనికి వచ్చినది. తపాలాకు చిరునామా ఎట్లో, దీనికిని అట్లే చిరునామా కావలెను. అది యొక సంఖ్య. 1981లో నిర్ణయమైన పద్ధతి ప్రకారము ఈ సంఖ్యకు 32 స్థానములు. ఒక్కొక్క స్థానమున సున్న గాని ఒకటి గాని ఉండును. మనుష్యులకు చదువుట సులువగుటకై దానిని ఎనిమిదేసి స్థానముల నాలుగు భాగములు చేసి, నడుమ చుక్కలు పెట్టి, ఒక్కొక్క భాగమును 0 మొదలు 255 వఱకు గల అంకెగా వ్రాయుదురు. 192.168.1.5 అని వ్రాసినచో అది యొక చిరునామా.

ఈ సంఖ్యను ఎడమనుండి చదువవలెను. ఎడమ భాగము ఊరు, కుడి భాగము ఇల్లు. మన తెలుగువారి పేరువలెనే ఇంటిపేరు ముందు, మనిషి పేరు వెనుక. ఎంతవఱకు ఊరో, ఎక్కడనుండి ఇల్లో తెలియుటకు ఒక ఏటవాలు గీత గీసి ప్రక్కన అంకె వేయుదురు. 24 అని వేసినచో మొదటి 24 స్థానములు ఊరికి చెందినవి. మిగిలిన 8 స్థానములలో 256 ఇండ్లు. 22 అని వేసినచో ఊరు పెద్దది, 1,024 ఇండ్లు. సర్వే సంఖ్యను 145 అని, అందులో భాగమును 145–2 అని, దానిలో మఱల 2–ఎ అని విడదీసి వ్రాయు పద్ధతి ఎఱిగిన రైతులకు ఇందులో క్రొత్త యేమియు లేదు.

ఇక పంపకము. మీరు ఒక ఉత్తరము వ్రాసిననో, బొమ్మ పంపిననో, అది మొత్తముగా పోదు. తాళపత్ర గ్రంథము విప్పి ఆకులాకులుగా పంపినట్లు చిన్న చిన్న ముక్కలై పోవును. ప్రతి యాకుమీద వరుస సంఖ్యయు, ‘ఎవరికి’, ‘ఎవరినుండి’ అను రెండు చిరునామాలును ఉండును. దారిలో రౌటరులను కూడలి యంత్రములు కలవు. కూడలి యంత్రమునకు లోకమందలి ప్రతి యింటిని తెలిసికొను పని లేదు. ఫలాని ఊరి ఆకులు ఫలాని దారిన పంపవలెనను పట్టిక యుండిన చాలును. మన తపాలాలో 1972 నుండి ఉన్న పిన్ కోడు చూడుడు. మొదటి అంకె 5 కాగానే, ఇది ఆంధ్ర, తెలంగాణ, కర్ణాటక ప్రాంతముల ఉత్తరమని ఢిల్లీలోని గుమాస్తాకు తెలియును. మన వీధి సంగతి అతనికి అక్కఱలేదు. ఆకులు వేఱు వేఱు దారుల వచ్చినను, చేరవలసిన చోట వరుస సంఖ్య చూచి కట్ట కట్టుకొందురు. ఒక ఆకు తప్పిపోయినచో మఱల పంపుమని కబురు చేయుదురు. ఇంతటి మహాయంత్రమునకు మూలసూత్రమిదియే.

అంకెలు యంత్రములకు జ్ఞాపకముండును గాని మనకుండవు. మనకు పేరు కావలెను. మొదటి దినములలో, ఆర్పానెట్టను పేర అమెరికాలో కొన్ని వందల యంత్రములే యున్నప్పుడు, ఏ పేరు ఏ సంఖ్యకు చెందినదో తెలుపు చిట్టా ఒక్కటే యుండెడిది. కాలిఫోర్నియాలోని స్టాన్‌ఫర్డ్ పరిశోధన సంస్థలో ఎలిజబెత్ ఫైన్లర్ అను విదుషి బృందము దానిని కాపాడుచుండెను. క్రొత్త యంత్రము పెట్టినవారు వారికి తెలుపుట, వారు చిట్టాలో ఎక్కించుట, తక్కినవారు ఆ చిట్టాకు ప్రతి తీసికొనుట – ఇదియే పద్ధతి. చదువగానే నాకు మా తండ్రిగారి కచ్చేరీ సావడి కన్నులకు కట్టినది. ఊరు పెరిగిన కొలది ఒక్క చిట్టా చాలదు గదా! 1983లో పాల్ మోకపెట్రిస్ అను శాస్త్రజ్ఞుడు చిట్టాను పంచి, పేర్లకు ఒక వంశవృక్షము కల్పించెను. మొదలు దగ్గఱివారికి కామ్, ఇన్ మొదలైన పెద్ద కొమ్మలెక్కడనో తెలియును. పెద్ద కొమ్మకు చిన్న కొమ్మ తెలియును. చిన్న కొమ్మకు ఆకు తెలియును. మీరు ఫోనులో ఒక పేరు కొట్టిన రెప్పపాటులో ఈ విచారణ యంతయు జరిగి సంఖ్య చేతికి వచ్చును. నేడు తెలుగు లిపిలోనే ‘భారత్’ అను కొసతో పేర్లు పెట్టుకొను వీలు కూడ కలదు.

ఈ పేర్లు మాత్రము సంఖ్యలకు విరుద్ధముగా కుడినుండి చదువవలసినవి. ఉత్తరముమీద ముందు ఇల్లు, తరువాత వీధి, ఊరు, జిల్లా వ్రాసినట్లు పెద్దది చివర నుండును. ఈ ఒక్క సంగతి మఱవకుడు. దీనితో మఱల పని పడును.

ఇంతవఱకు వ్యవస్థ. ఇక దాని లోపములు. దీనిని కట్టినవారు దొంగలు కారు. పైగా ఒకరినొకరు ఎఱిగిన పండితులు. తలుపులేని ఋష్యాశ్రమము వంటి కాలమది. ఆశ్రమమునకు మారువేషములు వచ్చుట మన పురాణములలో క్రొత్తగాదు. ఇక్కడను అవియే వచ్చినవి. వానిని మూడుగా చెప్పవచ్చును.

మొదటిది ‘ఎవరినుండి’ అను చిరునామా అబద్ధమగుట. కూడలి యంత్రము ‘ఎవరికి’ అనుదానిని మాత్రమే చూచును. పంపినవాడు తన సంఖ్యకు బదులు ఇతరుని సంఖ్య వేసినను అడుగదు. ఇందువలన హాని యేమనగా, ఎవడో తుంటరి మీ పేర నూఱు దుకాణములకు కార్డులు వ్రాసి సరకులు పంపుమనెననుకొనుడు. నూఱు వి.పి.పి. పార్సెళ్లు మీ గుమ్మమున వచ్చి పడును. దుకాణదారులు నిర్దోషులు, మీరు నిర్దోషులు, కాని మీ ఇల్లు మూతపడును. ఇంటర్నెట్టులో ఇట్లు చిన్న ప్రశ్న పంపి పెద్ద జవాబులను పరుని నెత్తిన కురిపించుట యొక దాడి. దీనికి మందు 2000 సంవత్సరముననే వ్రాసిపెట్టినారు. ప్రతి ఊరి తపాలా కచేరియు, తన ఊరి చిరునామాతో లేని ఉత్తరమును బయటికి పోనీయకుండుటయే ఆ మందు. అందఱును పాటించినచో ఈ పీడ చాలవఱకు అణగును. అందఱును పాటింపకపోవుటయే నేటికిని చిక్కు. పాటించువానికి వెంటనే లాభము లేదు, లాభము పొరుగువానిది. గ్రామపు మురుగుకాలువ వంటి ధర్మమిది.

రెండవది దారి తప్పించుట. ఏ ఊరికి ఏ దారియో కూడలి యంత్రములు ఒకదానికొకటి చెప్పుకొనును. చెప్పిన మాటను చాలకాలము వట్టిగనే నమ్మినవి. 2008 ఫిబ్రవరి 24వ తేదీన జరిగిన కథ వినుడు. పాకిస్తాను ప్రభుత్వము యూట్యూబును తమ దేశమున ఆపగోరినది. అక్కడి టెలికాం సంస్థ, యూట్యూబువారి 256 చిరునామాల ఊరికి దారి తమ యొద్దనే యున్నదని చాటినది. ఆ చాటింపు సరిహద్దు దాటి లోకమంతట ప్రాకినది. యూట్యూబువారు చాటినది 1,024 ఇండ్ల పెద్ద ఊరు. వీరు చాటినది అందులోని చిన్న భాగము. కూడలి యంత్రముల నియమమేమనగా, పెద్ద సంఖ్యకును, అందులోని సబ్‌డివిజనుకును వేఱు వేఱు దారులు వినబడినచో సబ్‌డివిజను మాటయే చెల్లును. కనుక లోకమందలి యూట్యూబు ఉత్తరములు పాకిస్తానునకు పోయి అక్కడ గోతిలో పడినవి. రమారమి రెండు గంటలకు గాని కుదుటపడలేదు. ఇందు దురుద్దేశముతో ఇతరదేశములకు కీడు తలపెట్టినవారు లేరు. వట్టి పొరపాటే ఇంత చేసినది. నేడు ఈ లోపమునకు పట్టా పుస్తకమువంటి ఉపాయము వచ్చినది. ఫలాని సంఖ్యలు ఫలానివారివని, పంపకము చేయు సంస్థలు చెఱపరాని ముద్రవేసి యిచ్చును. ఆసియా పసిఫిక్ ప్రాంతమునకు ఆస్ట్రేలియాలోని బ్రిస్బేను నగరమున నొక సంస్థ యీ సంఖ్యలను పంచుచున్నది. మన దేశమునకు ప్రత్యేకముగా నొక శాఖ కలదు. ముద్ర చూచి గాని దారి నమ్మని యంత్రములు ఏటేట పెరుగుచున్నవి.

మూడవది పేరును చెఱచుట. పేరడిగినప్పుడు తప్పు సంఖ్య చెప్పినచో, మీరు బ్యాంకనుకొని దొంగ యింటిలో కాలు పెట్టుదురు. 2008లో డాన్ కమిన్‌స్కీ యను అమెరికా పరిశోధకుడు, ఈ ప్రశ్నోత్తరములలో గుర్తుగా వాడు సంఖ్యలు 65,536 మాత్రమే గనుక, వేగముగా దొంగ జవాబులు విసరినచో ఒకటి తగులునని కనుగొనెను. కనుగొన్న వెంటనే బజారున చాటలేదు. తయారీదారులందఱకు రహస్యముగా తెలిపి, వారందఱు కలిసి మందు సిద్ధము చేసి, జూలై 8వ తేదీన ఒక్కమాఱే విడుదల చేయువఱకు ఆగెను. విద్య కలవాడు దానిని వాడుకొనవలసిన తీరు అది. తరువాత 2010 జూలై 15వ తేదీన పేర్ల వంశవృక్షపు మొదటికే ముద్ర వేసినారు.

భారతమందలి నలోపాఖ్యానము మీరు విన్నదే. స్వయంవరమున దమయంతి ఎదుట ఐదుగురు నలులు నిలిచిరి. రూపము ఒక్కటే, నలుగురు దేవతలు. ఆమె రూపము చూచి మోసపోలేదు. ఎవరికి చెమట పట్టుటలేదు, ఎవరి కను రెప్పలు కదలుటలేదు, ఎవరి పాదములు నేలనంటుటలేదు అని చూచి, నేలనంటినవాని మెడలో మాలవేసినది. మనకును అదియే మార్గము. ‘మనబ్యాంకు.లాభము.కామ్’ అని యొక పేరు వచ్చినదనుకొనుడు. ఇది నేను కల్పించిన ఉదాహరణము. ఎడమనుండి చదివినవాడు ‘మనబ్యాంకు’ చూచి మురిసిపోవును. కుడినుండి చదివినవానికి ఇంటి యజమాని ‘లాభము’ అని తెలియును; ‘మనబ్యాంకు’ అనునది వసారాకు వ్రేలాడగట్టిన బోర్డు. అక్షరముల పోలికతోడను మోసము కలదు. రష్యను లిపిలో కొన్ని అక్షరములు ఇంగ్లీషు అక్షరములవలెనే కనబడును. తెలుగు, కన్నడ లిపులకు పోలిక సంగతి మనమెఱిగినదే. కనుక వచ్చిన లింకును నొక్కవద్దు. పేరును స్వయముగా కొట్టుకొనుడు.

తాళపుకప్ప గుర్తు యున్నది గదా యని కొందఱందురు. ఆ గుర్తు చెప్పునది రెండే. మీకును ఆ పేరుగల ఇంటికిని నడుమ మాటలు ఇతరులు వినలేరు. ఆ యింటికి ఆ పేరు నిజముగా కలదు. ఆ యింటివాడు మంచివాడని అది చెప్పదు. హనుమంతుడు లంకలో రామదూతనని నోట చెప్పినంత మాత్రమున చాలలేదు, ఉంగరము చూపవలసి వచ్చినది. ఈ కప్ప గుర్తు అటువంటి ఉంగరమే. కాని దొంగవాడు తన సొంత పేర ఉంగరము చేయించుకొనుటకు అడ్డులేదు. ఎవరి యుంగరమో చదువుట మన వంతు.

ఇప్పుడు నా ఋణమునకు సంబంధించిన భాగమునకు వచ్చుచున్నాను. 32 స్థానముల సంఖ్యలో మొత్తము చిరునామాలు 429 కోట్ల 49 లక్షల 67 వేల 296. పద్ధతి నిర్ణయించిన నాడు ప్రయోగమునకు ఇది చాలుననుకొనిరి. ప్రయోగమే లోకమైనది. 2011 ఫిబ్రవరి 3వ తేదీతో కేంద్ర భాండాగారమున మిగిలిన సంఖ్యల చివరి కట్టలు పంచబడినవి. 128 స్థానముల క్రొత్త పద్ధతి 1998లోనే సిద్ధమైనది. అందలి చిరునామాల మొత్తము 39 అంకెల సంఖ్య. మన దేశము దానిని స్వీకరించుటలో ముందు వరుసలో నున్నది. అయినను పాత పద్ధతి పోలేదు. కొఱత తీర్చుకొనుటకు లోకము ఒక ఉపాయము పట్టినది. ఇంటిలోపల వాడుకొనుటకు కొన్ని సంఖ్యలను ఎవరికిని సొంతము కాకుండ విడిచినారు; ఇందాక చెప్పిన 192.168తో మొదలగునవి అట్టివే. లోపల ఎన్ని యంత్రములున్నను వీధిలోనికి ఒక్కటే సంఖ్య కనబడును. గుమ్మము దగ్గఱి పెట్టె, లోపలివారి ఆకులపై తన సంఖ్య వేసి పంపి, జవాబు రాగానే ఎవరిదో చూచి వారికిచ్చును. చేతిఫోనుల కంపెనీలు కొన్ని వేలమందిని ఒక్క గుమ్మము వెనుక నిలుపుటయు కలదు. అనగా వీధిలో కనబడు సంఖ్య మనిషిని చెప్పదు. ఒకప్పుడు ఇంటిని గూడ సరిగా చెప్పదు. ఏ క్షణమున, ఏ గదినుండి అను వివరము కూడ కావలెను.

ఆఱేండ్ల క్రిందట ఒక దినమున ఇద్దఱు ఉద్యోగులు ఈ గ్రంథాలయమునకు వచ్చిరి. ఏ కార్యాలయమో చెప్పను. దూరపు పట్టణమున ఒక వర్తకుని ఖాతాలోనికి ఎవరో దొంగతనముగ చొరబడ యత్నించిరి. ఆ యత్నము వచ్చిన చిరునామా మన గ్రంథాలయమునకు ఇచ్చిన సంఖ్య. వారి చేతి కాగితములో ఒక ఆదివారపు తేదీయు, 14.10 అను కాలమును ఉన్నవి. అనగా మధ్యాహ్నము రెండు గంటల పది నిమిషములు. నన్ను చిట్టా చూపుమనిరి. గ్రంథాలయమున కంప్యూటరు ముందు కూర్చుండువారి పేరు, వచ్చిన వేళ, పోయిన వేళ వ్రాయించు చిట్టా నా చేతిదే. తెఱచి చూచితిని. ఆ ఆదివారము ఒంటిగంటన్నర నుండి మూడు గంటల వఱకు రెండవ కంప్యూటరు దగ్గఱ ఒక్క పిల్లవాడు కూర్చుండెను. తక్కినవి ఖాళీ. నేను వ్రేలు పెట్టి ఆ వరుస చూపితిని. లెక్క కుదిరినదని, నా చిట్టా ఇంతటి పనికి ఉపకరించినదని లోలోపల గర్వపడితిని గూడ.

ఆ పిల్లవాడు కూలివారి బిడ్డ. ఉద్యోగ పరీక్షలకు చదువుకొనుచుండెను. రెండు దినములు అతనిని ఉదయము నుండి రాత్రి వఱకు బల్లమీద కూర్చుండబెట్టిరి. ఫోను తీసికొనిరి. ఊరు ఏమన్నదో మీలో కొందఱకు జ్ఞాపకముండును. మూడవనాటి సాయంకాలము అతని తల్లి మా వాకిట నిలిచి, “బాబుగారూ! మీ లెక్క ఎన్నడూ తప్పదంటారు. నా బిడ్డ దగ్గర తప్పిందేమో ఒక్కసారి చూడండి” అన్నది. లోపలికి రమ్మన్నను రాలేదు.

ఆ రాత్రి నాకు నిద్రపట్టలేదు. లెక్క తప్పెనేమో చూచుటకు ఒక లెక్కను రెండవ లెక్కతో సరిచూచుటయే గదా మార్గము! కరెంటు బిల్లు సరిచూచుటకై కరెంటు పోయిన వేళలు వ్రాసికొను చిన్న పుస్తకమొకటి నాయొద్ద కలదు. తెఱచితిని. ఆ ఆదివారము మధ్యాహ్నము రెండు గంటల నుండి రెండున్నర వఱకు కరెంటు లేదు. ఆనాటికి మనకు ఇన్వర్టరు లేదు. కరెంటు లేనిదే గుమ్మపు పెట్టె వెలుగదు. రెండు గంటల పది నిమిషములకు ఇక్కడినుండి ఏ ఆకు బయలుదేరగలదు? తెల్లవాఱువఱకు ఆ కాగితము నకలును చేతబట్టుకొని కూర్చుంటిని. కాలము వ్రాసిన వరుస తలమీద మూడు ఇంగ్లీషు అక్షరములు కనబడినవి: యు.టి.సి. ఉదయమే హైదరాబాదులో నున్న మా మేనల్లునికి ఫోను చేసి అడిగితిని. “అది లోకమంతటికీ కలిపి పెట్టుకున్న గడియారం మామయ్యా! మన గడియారం దానికంటే అయిదున్నర గంటలు ముందుంటుంది” అన్నాడు.

14.10కి అయిదున్నర గంటలు కలిపితిని. రాత్రి 7 గంటల 40 నిమిషములు. గ్రంథాలయము మూసి తాళము వేసినది ఏడు గంటలకు. ఆ వేళ లోపల ఎవరును లేరు. కాని గుమ్మపు పెట్టె మాత్రము రాత్రియంతయు వెలుగుచుండెడిది. దాని సంకేతపదమును నేనే కాగితముపై వ్రాసి, అందఱకు సౌకర్యముగా నుండునని వసారా గోడకు అంటించితిని. ఎదుట బస్సుల మజిలీ. వసారాలో నిలిచినవాడెవడైనను మన చిరునామాతో లోకమున తిరుగవచ్చును. అతడెవడో నేటికిని తేలలేదు. దోషము పిల్లవానిది కాదు. సంకేతపదము గోడకంటించిన నాది. గడియారము సరిచూడక వ్రేలు చూపిన నాది.

నా వ్రాతమూలమైన విన్నపమును చూచి వారము దినములలో అతనిని విడిచిరి. ఫోను నాలుగు నెలలకు వచ్చినది. ఈలోపల అతని పరీక్ష దాటిపోయినది. అతడు పట్టణమునకు పోయి పనిలో చేరెను. నాటినుండి ఈ గ్రంథాలయపు మెట్టెక్కలేదు. ఆ కుటుంబము అనుమతిచ్చినందుననే ఈ కథ చెప్పుచున్నాను.

ఇది ఒక్క మన ఊరి కథ కాదు. 2007లో బెంగుళూరు నగరమున ఒక సాఫ్ట్‌వేరు ఉద్యోగిని, చిరునామా వివరములలోని పొరపాటువలన, తాను చేయని నేరమునకు పట్టుకొనిపోయి పూణెలో 50 దినములు చెఱయందుంచిరి. అటుపిమ్మట నిర్దోషియని తేలెను. 2016 అక్టోబరు 21వ తేదీన అమెరికాలో పేర్లకు సంఖ్యలు చెప్పు ఒక సంస్థపై దాడి జరిగి, పెద్ద పెద్ద సంస్థల తలుపులు గంటల తరబడి మూతపడినవి. ఆ దాడి ఆకులు బయలుదేరిన చిరునామాలు ఎవరివి? కర్మాగారమున పెట్టిన సంకేతపదమును మార్చుకొనని సామాన్య గృహస్థుల కాపలా కెమెరాలవి. ఇంటి యజమాని నిద్రపోవుచుండగా అతని సంఖ్య దొంగతనమునకు పోయినది. చిరునామా చూచి మనిషిని దండించుట ఎంత ప్రమాదమో ఈ రెండును చెప్పుచున్నవి. అట్లని చిరునామా వ్యర్థము కాదు. అది సాక్ష్యమునకు మొదటి మెట్టు. సర్వే సంఖ్య చూచి పొలమున కాలు పెట్టవచ్చును. పంట కోసినవాడెవడో సంఖ్య చెప్పదు, విచారించి తెలిసికొనవలెను.

ఆనాటి నుండి మన గ్రంథాలయమున పాటించుచున్న నియమములు చెప్పి ముగింతును. మూయు వేళకు గుమ్మపు పెట్టె కూడ ఆర్పుచున్నాము. సంకేతపదము గోడమీద లేదు. మూడు నెలలకొకమాఱు మారును. చిట్టాలో వేళ వ్రాయుటకు ముందు గోడ గడియారమును సరిచూచుచున్నాము. చిట్టా చూపుమని ఎవరు వచ్చినను వ్రాతమూలముగా అడుగుమందుము. అందు కాలము ఏ గడియారముదో వ్రాయుమందుము. ఇండ్లలో వారికి నా మనవి: మీ ఇంటి పెట్టెతో వచ్చిన సంకేతపదమును నేడే మార్చుకొనుడు. పేరును కుడినుండి చదువుడు. పొరపాటున డబ్బు పోయినచో సిగ్గుపడి దాచక, ఆ క్షణమే 1930 అను సంఖ్యకు ఫోను చేయుడు. ఆలస్యమైన కొలది డబ్బు చేతులు మారును.

నా ఋణము ఇంకను పూర్తిగా తీఱలేదు. అతనిని పట్టుకొనిపోయిన మాట ఊరంతయు విన్నది. విడిచిన మాట కొందఱే విన్నారు. నా చిట్టాలో ఆ ఆదివారపు వరుస ప్రక్కన ఎఱ్ఱసిరాతో, ‘ఇతడు నిర్దోషి. తప్పు చిట్టాదారునిది’ అని వ్రాసి చేవ్రాలు చేసితిని. కాని చిట్టా బీరువాలో నుండును. ఈ రజతోత్సవ సంచిక ప్రతి యింటికి పోవును. కావున ఈ ఉపన్యాసములో ఏది విడిచినను ఈ భాగము మాత్రము విడువక అచ్చువేయింపుడని సంపాదకులను వేడుచున్నాను. ఆ పిల్లవాడు ఎప్పుడైనను ఈ ఊరికి వచ్చి, ఈ మెట్లెక్కి, రెండవ కంప్యూటరు ముందు కూర్చుండిన దినమున, చిట్టాలో అతని పేరు నా చేతితోనే వ్రాయవలెనని నా కోరిక.

 మన గ్రంథాలయము స్వర్ణోత్సవము జరుపుకొనుగాక!

స్వస్తి.